కింది పళ్ల సెట్టు నిలవట్లేదా? ఇంప్లాంట్లతో బిగించుకోండి

పళ్లన్నీ పోయినవాళ్లకి పై సెట్టు అంగిలిని పట్టుకుని ఎలాగోలా నిలుస్తుంది, అసలు బాధంతా కింది సెట్టుతోనే, నాలుక కదిలినప్పుడల్లా లేచిపోతుంది. దవడ ఎముకలో 2 టైటానియం ఇంప్లాంట్లు, అంటే పంటి వేరులా ఎముకలో బిగించే చిన్న స్క్రూలు, వేయించుకుంటే చాలామందికి ఆ బాధ తీరుతుంది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో సమావేశమైన నిపుణులు కూడా కింది దవడకి ముందు ఇదే ఆలోచించాలన్నారు. పై ఎముక మెత్తన, అక్కడ సాధారణంగా 4 కావాలి.

ముందు సీబీసీటీ స్కాన్ (దవడని 3డీలో చూపించే ఎక్స్‌రే) తీయించి ఎముక ఎంతుందో తెలుసుకోండి. షుగర్ అదుపులో ఉండాలి, సిగరెట్, చుట్ట మానాలి. ఎముకలు గుల్లబారినందుకు మాత్రలో ఇంజెక్షన్లో వాడుతుంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి, దాచితే దవడకే ప్రమాదం.

ఇంప్లాంట్ ఎముకలో కుదురుకోడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది, ఈలోపు పాత సెట్టునే లోపల మెత్తగా సర్దించుకుని వాడొచ్చు. తర్వాత సెట్టు అడుగున ప్రెస్ బటన్‌లా పట్టే క్లిప్పులు పెడతారు. వాటిలోని నైలాన్ రింగులు అరుగుతాయి, మార్చడం చిన్న పనే, కాబట్టి పట్టు వదులైతే టెన్షన్ వద్దు. రాత్రి సెట్టు తీసి కడగండి, ఇంప్లాంట్ల చుట్టూ మెత్తని బ్రష్‌తో తోమండి. చిగుళ్ల దగ్గర రక్తం గానీ చీము గానీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించుకోండి.