ఆట మధ్యలో శబ్దం తెగుతోందా? స్పీకర్లను కాసేపు పక్కన పెట్టండి

గేమింగ్ ల్యాప్‌టాప్‌లో ఆట చక్కగానే నడుస్తుంటుంది. ఫ్రేములు వందకు పైనే ఉంటాయి, బొమ్మ ఎక్కడా తడబడదు. శబ్దం మాత్రం ఉన్నట్టుండి టప్పున తెగి, గరగరమని మళ్లీ అందుకుంటుంది. చాలామంది వెంటనే సౌండ్ డ్రైవర్ (సౌండ్ చిప్‌ను విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రామ్) తీసేసి మళ్లీ వేస్తారు. అదీ పనిచేయకపోతే విండోస్ మొత్తాన్నీ ఫార్మాట్ చేస్తారు. రెండూ తొందరపాటే. ఈ తరహా ఫిర్యాదుల్లో సౌండ్ చిప్ తప్పు అరుదుగానే ఉంటుంది.

విండోస్ శబ్దాన్ని మామూలుగా 10 మిల్లీసెకన్ల ముక్కలుగా పంపుతుంది. సెకనుకు 48,000 శాంపిళ్లు అనుకుంటే ఒక్కో ముక్కలో 480. ఒక ముక్క వినిపించడం పూర్తయ్యేలోపు ప్రాసెసర్ తర్వాతి ముక్కను సిద్ధం చేయాలి, లేకపోతే ఆ ఖాళీ చెవికి తెలిసిపోతుంది. బొమ్మ ఒక ఫ్రేము ఆలస్యమైతే కన్ను క్షమిస్తుంది, చెవి క్షమించదు. ఇక వైఫై, గ్రాఫిక్స్ వంటి పరికరాల డ్రైవర్లకు ప్రాసెసర్‌ను అత్యవసరంగా ఆపి తమ పని చేయించుకునే హక్కు ఉంది. ఆ పనిని డీపీసీ అంటారు. అది 100 మైక్రోసెకన్లు దాటకూడదని డ్రైవర్లు రాసేవాళ్లకు మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఏదో ఒక డ్రైవర్ మిల్లీసెకన్ల కొద్దీ పట్టు విడవకపోతే, కౌంటరు దగ్గర ఒకాయన కబుర్లు పెట్టుకుంటే వెనక వరుసంతా ఆగినట్టు, శబ్దం ఆగిపోతుంది. కాబట్టి వెతకాల్సింది ఆ పట్టు విడవని డ్రైవర్‌ను.

ముందు లక్షణాన్ని వేరు చేయండి

హార్డ్ డిస్కులో ఉన్న ఒక పాటను స్పీకర్లలో వినండి, తర్వాత 3.5 మిల్లీమీటర్ల వైరు హెడ్‌సెట్‌లో, తర్వాత బ్లూటూత్‌లో.

బ్లూటూత్‌లో మాత్రమే తెగుతుంటే సమస్య రేడియోది. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లో, వైఫై కూడా తరచూ అక్కడే తిరుగుతుంటుంది. యూఎస్‌బీ 3.0 పరికరాలూ ఆ బ్యాండులో రొద పెడతాయి. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి, బయటి హార్డ్ డిస్కును తీసి చూడండి. ఆటలో మైకు తెరవగానే శబ్దం పాత టెలిఫోనులా మారిపోతే అది తెగడం కాదు. హెడ్‌సెట్ కాల్ మోడ్‌లోకి వెళ్లింది. మైకుగా ల్యాప్‌టాప్‌ది ఎంచుకుంటే సరిపోతుంది.

ఆన్‌లైన్ ఆటలో స్నేహితుల గొంతులు మాత్రమే తెగుతూ, తుపాకుల మోత, అడుగుల చప్పుడు బాగానే ఉంటే అది ఇంటర్నెట్ సంగతి. ల్యాప్‌టాప్ జోలికి వెళ్లకండి.

చార్జర్ పెట్టగానే హెడ్‌ఫోన్లలో సన్నగా గుయ్యిమని మోగుతూ, లోహపు మూత మీద చేయి పెడితే జిల్లుమంటుంటే ఇంట్లో ఆ సాకెట్‌కు ఎర్తింగ్ లేదని అనుమానించాలి. మన పాత ఇళ్లలో ఇది మామూలే. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించినా ఇదే జరుగుతుంది. దీనికి సాఫ్ట్‌వేర్ మందు లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇవేవీ కాకుండా అన్నిటిలోనూ తెగుతుంటే అసలు వేట ఇక్కడ మొదలవుతుంది.

దొంగను పట్టే పరికరం

ఏ డ్రైవర్ ప్రాసెసర్‌ను ఎంతసేపు పట్టుకుంటోందో కొలిచే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ ఇంటి వాడకానికి ఉచితం. చార్జర్ పెట్టి, లేటెన్సీమాన్‌ను నడిపించి, శబ్దం తెగే ఆటనే పది నిమిషాలు ఆడండి. ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ మీద పరీక్షిస్తే అంతా పచ్చగానే కనిపిస్తుంది, దానివల్ల లాభం లేదు. తర్వాత డ్రైవర్స్ ట్యాబ్ తెరిచి, అత్యధిక సమయం చూపే నిలువు వరుస తలమీద నొక్కండి. పెద్ద అంకెలు పైకి వస్తాయి. పైనున్న రెండు మూడు పేర్లే మీకు ముఖ్యం. మొత్తం ఎన్నిసార్లు నడిచిందన్న లెక్క చూసి భయపడకండి. లక్షసార్లు నడిచినా ప్రతిసారీ క్షణంలో తప్పుకునే డ్రైవర్ మంచిదే.

పైన ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం ఉంటే

అది ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్. దాని పక్కనే తరచూ కనిపించే డీఎక్స్‌జీకేఆర్‌ఎన్‌ఎల్ విండోస్‌ది, దాన్ని తిట్టి లాభం లేదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ మోడ్‌ను గరిష్ఠ పనితీరుకు మార్చి మళ్లీ కొలవండి. తగ్గకపోతే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్ ఎంచుకుని, క్లీన్ ఇన్‌స్టాలేషన్ గడిలో టిక్కు పెట్టి డ్రైవర్‌ను కొత్తగా వేయండి. కొత్త వెర్షన్ వచ్చాకే సమస్య మొదలైతే పాతదానికే వెళ్లండి. సరికొత్తదే మంచిదన్న నియమం ఏమీ లేదు.

ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ చిప్పులు ఉండటం వల్ల ఇంకో చిక్కు ఉంది. బ్యాటరీ ఆదా కోసం పెద్ద చిప్ నిద్రపోతూ లేస్తూ ఉంటుంది. ఆ లేచే సమయంలోనే శబ్దం తెగవచ్చు. ఆటలో కాకుండా, ఉత్తినే బ్రౌజర్ తెరిచినప్పుడు తెగుతుంటే ముందు దీన్నే అనుమానించండి. మీ యంత్రానికి మక్స్ స్విచ్ (తెరను ఏ చిప్ నడపాలో మార్చే ఏర్పాటు) ఉంటే, బయోస్‌లోనో (విండోస్ కన్నా ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) కంపెనీ యాప్‌లోనో పెద్ద చిప్‌ను మాత్రమే వాడేలా పెట్టి చూడండి. బ్యాటరీ త్వరగా అయిపోతుంది, కానీ కారణం తేలిపోతుంది.

ఎన్‌డిస్, లేదా వైఫై చిప్ పేరు ఉంటే

ఎన్‌డిస్ అంటే విండోస్‌లో నెట్‌వర్క్ పనులు చూసే భాగం. వైఫైని ఆపి చూడటానికి విమానం గుర్తు నొక్కితే చాలదు. డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌ను డిసేబుల్ చేసి, డిస్కులోని పాట వినండి. గరగర ఆగిపోతే ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి దాని డ్రైవర్ మార్చండి. ఆడేటప్పుడు లాన్ కేబుల్ వాడటం ఇంకా మేలు.

ఏసీపీఐ ఉంటే

అన్నిటిలోకీ మొండిది ఇదే. ఏసీపీఐ అంటే విండోస్‌కూ, బ్యాటరీ, ఫ్యాన్లు, బయోస్‌కూ మధ్య దుబాసీ. బ్యాటరీ ఎంత ఉందని పదేపదే అడిగినప్పుడు బయోస్ నిదానంగా జవాబిస్తే ఆ నిరీక్షణంతా శబ్దం మీద పడుతుంది. పరీక్ష తేలిక. డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద కంట్రోల్ మెథడ్ బ్యాటరీ అనే పేరుతో ఒక అంశం ఉంటుంది. దాన్ని డిసేబుల్ చేసి మళ్లీ కొలవండి. అంకె ఒక్కసారిగా పడిపోతే దొంగ దొరికినట్టే. అయితే దాన్ని అలాగే వదిలేయమని నేను చెప్పను. బ్యాటరీ శాతం కనిపించదు, అయిపోతోందన్న హెచ్చరికా రాదు.

పరీక్ష అయ్యాక దాన్ని తిరిగి ఎనేబుల్ చేసి, ఫ్యాన్లనూ రంగు దీపాలనూ నడిపే కంపెనీ యాప్‌ను ఆపి చూడండి. చాలా యంత్రాల్లో బ్యాటరీని, వేడిని పదేపదే అడిగేది అదే. అది కూడా కాకపోతే మిగిలింది బయోస్ అప్‌డేట్. చార్జర్ పెట్టి, బ్యాటరీ బాగా నిండాకే మొదలుపెట్టండి. కరెంటు పోయినా పని మధ్యలో ఆగకూడదు.

మౌస్‌తో సహా మొత్తం యంత్రం ఒక్క క్షణం బిగుసుకుపోయి, శబ్దం కూడా తెగి, రోజుకు ఏ కొన్నిసార్లో జరుగుతుంటే, అదీ కొంచెం పాత ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ ఉన్న యంత్రమైతే, దానికి వేరే చరిత్ర ఉంది. ప్రాసెసర్‌లోని ఎఫ్‌టీపీఎం భద్రతా విభాగం ఇలా తడబడుతోందని ఏఎండీ 2022 మార్చిలో ఒప్పుకుని, బయోస్ సవరణలు వస్తాయని ప్రకటించింది. బయోస్ మార్చే ముందు బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి. లేకపోతే శబ్దం సంగతి అటుంచి, ఫైళ్లే చేజారవచ్చు.

అరగంట ఆడాక మొదలైతే

డ్రైవర్ కన్నా వేడి మీద అనుమానం ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకోవడం సహజం. పరుపు మీద పెట్టి ఆడకండి, ఫ్యాన్లలో దుమ్ము తీయించండి. వాటికన్నా ముందు ఫ్రేములకు పరిమితి పెట్టండి. తెర 144 హెర్ట్జ్ అయితే 200 ఫ్రేములు తీయించడం ప్రాసెసర్‌ను ఊరికే కాల్చడమే. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ నూరు శాతం దగ్గర నిలబడి ఉంటే, ఈ ఒక్క మార్పుతోనే శబ్దం కుదురుకోవచ్చు. చిన్న టైప్-సీ చార్జర్‌తో ఆడుతున్నారా అన్నది కూడా చూసుకోండి. కరెంటు చాలకపోయినా వేగం పడిపోతుంది.

ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చే సరౌండ్ సౌండ్ యాప్‌లు, సౌండ్ సెట్టింగుల్లోని ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ కూడా ఒకసారి ఆపి చూడండి. డ్రైవర్లన్నీ తానే సరిచేస్తానని చెప్పే అప్‌డేటర్ ప్రోగ్రాములు, వీడియోల్లో చూపించే రిజిస్ట్రీ చిట్కాల జోలికి మాత్రం వెళ్లకండి. ఏది మార్చినా ఒకసారికి ఒకటే మార్చి, మళ్లీ కొలవండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు.

ఇవన్నీ అయ్యాక కూడా తెగుతుంటే, లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైనక్స్) యంత్రాన్ని లేపి ఒక పాట వినండి. అక్కడ శుభ్రంగా ఉంటే మిగిలిన పని విండోస్‌లోనే. అక్కడా తెగుతుంటే హార్డ్‌వేర్ లేదా బయోస్ లోపమే కావచ్చు. ఆ గరగర వినిపించే ఫోను వీడియో, లేటెన్సీమాన్ నివేదిక వెంట తీసుకుని, వారంటీ ముగిసేలోపే సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి.