లారీకి ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టే ముందు

కొత్త లారీ తీసుకునే అన్నలూ, షోరూంలో ఎక్స్‌టెండెడ్ వారంటీ (కంపెనీ ఇచ్చే వారంటీ అయ్యాక కూడా నడిచేలా అదనంగా డబ్బు కట్టి తీసుకునేది) అనగానే సంవత్సరాలు చూసి సంతకం పెట్టకండి. కాలమో కిలోమీటర్లో, ఏది ముందు నిండితే అక్కడితో వారంటీ అయిపోతుంది. వరంగల్ నుంచి నాగ్‌పూర్, చెన్నై లైన్ కొట్టే బండికి కిలోమీటర్లే ముందు నిండుతాయి. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు మాత్రమే తిరిగే బండి లెక్క వేరు.

ఏమేం రావో రాసిన పేజీ అడిగి తీసుకుని చదవండి. క్లచ్ ప్లేట్, బ్రేక్ లైనర్లు, రబ్బరు సామాను లాంటి అరిగేవి సాధారణంగా వారంటీలో రావు. బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే రూల్) బండ్లలో అసలు టెన్షన్ ఇంజెక్టర్లు, సెన్సార్లు, యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేసే ద్రవం) పంపుతోనే. ఇవి రోడ్డు పక్క మెకానిక్ దగ్గర తేలే పనులు కావు, ఖర్చూ ఎక్కువే. వారంటీలో వచ్చేవాటి లిస్టులో ఆ పేర్లు కనబడితేనే డబ్బు కట్టండి. "అన్నీ వస్తాయి సార్" అన్న నోటిమాట క్లెయిమ్ రోజు పనికిరాదు.

గ్రానైటో ఇసుకో ఓవర్‌లోడ్ వేసే బండికైతే నేను వద్దనే అంటాను. ఓవర్‌లోడ్ వల్లే పోయిందని తేలితే క్లెయిమ్ ఇవ్వరు. కట్టినవాళ్లు ప్రతి సర్వీసూ టైముకు కంపెనీ వర్క్‌షాపులోనే చేయించండి. బిల్లులు క్యాబిన్‌లో పడేయకుండా ఇంట్లో ఫైలు పెట్టుకోండి.