పాత బీటిల్‌ని కోసే ముందు: పెట్రోల్ నిజంగా పోయిందా?

పోయిన నెల నాకు బాగా తెలిసిన కుర్రాడొకడు పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని బగ్గీగా, అంటే ఇసుకలో, గతుకుల్లో తిరిగే తేలికపాటి బండిగా, మార్చే పని మొదలుపెట్టాడు. నాలుగో రోజుకే ఆసుపత్రిలో చేరాడు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. చూడ్డానికి వెళ్తే నాతో అన్న మొదటి మాట, "ట్యాంక్ ఖాళీ చేశాం అన్నా. పూర్తిగా ఖాళీ చేశాం."

అబద్ధం కాదు. ట్యాంక్ ఖాళీ చేశారు, విప్పి బయట కూడా పెట్టారు. పెట్రోల్ మాత్రం ఇంకా కారులోనే ఉంది.

ఈ పని చేస్తూ చేతులు కాల్చుకున్నవాళ్లని, షెడ్డు పోగొట్టుకున్నవాళ్లని ఇంతకుముందూ చూశాను. దాదాపు అందరూ చెప్పింది ఆ ఒక్క మాటే. అందుకే కళ్లద్దాలు పెట్టుకోండి, గ్లవ్స్ వేసుకోండి లాంటివి ఇక్కడ రాయడం లేదు. అవి మీకు తెలుసు.

పెట్రోల్ ఎక్కడ ఉండిపోతుంది

బీటిల్‌లో ఇంజిన్ వెనక, ట్యాంక్ ముందు. ట్యాంక్ నుంచి ఇంజిన్ దాకా పెట్రోల్ వెళ్లే సన్నటి ఇనుప పైపు కారు కింద బయటికి కనిపించదు. రెండు సీట్ల మధ్య నిలువునా సాగే టన్నెల్ లోపల ఉంటుంది. గేర్ రాడ్డు, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ వెళ్లేది కూడా అందులోంచే. పైనుంచి చూస్తే అదొక మామూలు రేకు గుబ్బ. లోపల ఏముందో గుర్తుండదు.

ఇప్పుడు బగ్గీ పని ఎలా మొదలవుతుందో చూడండి. 1960ల్లో కాలిఫోర్నియాలో బ్రూస్ మేయర్స్ అమ్మిన మాంక్స్ అనే బగ్గీ ఫైబర్‌గ్లాస్ బాడీ కూర్చోవాలంటే బీటిల్ ఫ్లోర్‌పాన్‌ని (కారు అడుగు చట్రాన్ని) సుమారు 36 సెంటీమీటర్లు కురచ చేయాలి. ఆ తర్వాత వచ్చిన చాలా బగ్గీ బాడీలకూ ఇదే పద్ధతి. అంటే పాన్‌ని అడ్డంగా కోయాలి. అడ్డంగా కోయడమంటే టన్నెల్‌ని కోయడం. టన్నెల్‌ని కోయడమంటే పెట్రోల్ పైపుని కోయడం. గ్రైండర్‌తో, నిప్పురవ్వల మధ్య.

ఆ కుర్రాడి కారులో జరిగింది ఇదే. టన్నెల్ రెండు చివర్లా దాదాపు మూసుకునే ఉంటుంది కాబట్టి ఆవిరి లోపలే నిలిచిపోయింది. మంట వాళ్ల ముఖాల వైపు ఎగదన్నింది.

పాన్ కోయకుండా బాహా బగ్ (బీటిల్ బాడీనే ఉంచి గతుకు దారులకి ఎత్తు పెంచిన కారు) చేస్తున్నాం, మాకు టన్నెల్‌తో పని లేదు అంటారా? బాహా బగ్‌కి ముందు కొస కోస్తారు, వెనక కొస కోస్తారు. ముందు కొసలో ట్యాంక్ ఉంది. వెనక కొసలో హోసులు, పంపు, కార్బురేటర్ ఉన్నాయి. ఎత్తు పెంచడానికి ముందు చక్రాలని మోసే ఫ్రంట్ బీమ్ మధ్యలో కోసి అడ్జస్టర్లు వెల్డింగ్ చేస్తారు కదా, ట్యాంక్ దానికి కాస్త వెనకే, పైన ఉంటుంది. బీమ్‌ని కారుకి ఉంచి వెల్డింగ్ చేయకండి. బోల్టులు విప్పి, దూరంగా తీసుకెళ్లి అక్కడ చేయండి.

మళ్లీ చెబుతున్నాను: ట్యాంక్ ఖాళీ అయితే పెట్రోల్ పోయినట్టు కాదు.

ఖాళీ ట్యాంకే ఎందుకు ఎక్కువ ప్రమాదం

అంటుకునేది పెట్రోల్ ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే మండుతుంది. నిండు ట్యాంక్‌లో ద్రవం పైన ఉండే కొద్ది చోటులో ఆవిరి చిక్కగా, గాలి తక్కువగా ఉంటుంది. ట్యాంక్ వంచేసి అడుగున ఒక చెంచాడు మిగిల్చారనుకోండి, సరిగ్గా పేలడానికి కావలసిన పాళ్లు మీరే కలిపి పెట్టినట్టు. పాత ట్యాంక్ లోపల తుప్పులో, జిగురులో ఇంకిన పెట్రోల్ రోజుల తరబడి ఆవిరి వదులుతూనే ఉంటుంది. వాసన రావడం లేదని నమ్మకండి. గంట సేపు ఆ షెడ్డులో ఉంటే మీ ముక్కు దానికి అలవాటు పడిపోతుంది.

చిల్లు పడిన ట్యాంక్‌కి మీరు వెల్డింగ్ చేయొద్దు. కడిగినా చేయొద్దు. వేరే ట్యాంక్ వేసుకోండి.

పెట్రోల్ తీసే పద్ధతి

మొదట బ్యాటరీ తీసేయండి. వెనక సీటు కింద కుడి వైపు ఉంటుంది. ఆ సీటు స్ప్రింగులు కిందికి వంగి టెర్మినల్‌కి తగిలితే సీటు పీచు అంటుకుంటుంది. బీటిల్స్ కాలిపోవడానికి ఇదొక పాత కారణం. కాబట్టి దాన్ని ముందు తీయండి, తిరిగి పెట్టేటప్పుడు పైన మూత వేయండి.

తర్వాత కారుని ఆరుబయటికి నెట్టండి. సర్వీసు గుంత మీద ఈ పని అసలు వద్దు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, గుంతలోకి దిగి అక్కడే కూర్చుంటుంది. ట్యాంక్‌లోది మూత ఉన్న ఇనుప డబ్బాలోకి దించి, ట్యాంక్ విప్పి దూరంగా పెట్టండి. ఇక్కడితో పని అయిపోయిందని అందరూ అనుకునేది. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. కారు ముందు భాగం ఎత్తి స్టాండ్ల మీద ఉంచి, వెనక గేర్‌బాక్స్ దగ్గర పైపు చివర హోసు విప్పి, కారేదంతా డబ్బాలోకి పట్టండి. కారడం ఆగాక ముందు వైపు నుంచి ఆ పైపులోకి నీళ్లు పోసి, వెనక నుంచి నీళ్లు మాత్రమే వచ్చేదాకా కడగండి. ఎలాగూ కోసేసే పైపు కాబట్టి నీళ్లు పోశామన్న బెంగ వద్దు. ఆ కడిగిన నీళ్లని కూడా డబ్బాలోనే పట్టండి, కాలువలో పోయొద్దు. కార్బురేటర్, పంపు, ఫిల్టర్, హోసులు అన్నీ ఇంజిన్‌తో సహా బయటికి. రెండు చివర్లూ తెరిచి ఒక రోజు గాలికి వదిలేయండి. ఆ తర్వాత కూడా టన్నెల్ మీద మొదటి కోత, పైపు కంటికి కనబడేదాకా, చేతి రంపంతోనే. గంట ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి.

ఇంజిన్ ఎందుకు దించాలి

ఆ కుర్రాడు ఇంజిన్ దించలేదు. టన్నెల్‌లో మొదలైన మంట వెనక్కి పాకాక కంగారులో బకెట్లతో నీళ్లు కొట్టారు. మంట తెల్లగా ఎగసింది. పాత బీటిల్ ఇంజిన్ కేసు మెగ్నీషియం మిశ్రమం, గేర్‌బాక్స్ కేసు కూడా. మెగ్నీషియం ఒకసారి అంటుకున్నాక నీళ్లు పోస్తే అది నీటినే విడగొట్టి హైడ్రోజన్ పుట్టిస్తుంది, మంట ఇంకా రేగుతుంది. దానికి బాగా పొడిగా ఉన్న ఇసుక కావాలి, లేదంటే లోహపు మంటల కోసమే చేసిన పొడి. పని మొదలుపెట్టే ముందే రెండు బకెట్ల పొడి ఇసుక పక్కన పెట్టుకోండి. అయినా మెగ్నీషియం అంటుకుందంటే మాత్రం కారుని వదిలేసి బయటికి వచ్చి ఫైర్ సర్వీసుకి ఫోన్ చేయండి. వాళ్లకి మెగ్నీషియం అనే మాట తప్పకుండా చెప్పండి.

ఇంజిన్‌ని గేర్‌బాక్స్‌కి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులే. దాన్ని దించడానికి బద్ధకించకండి. అయితే అది వంద కిలోల పైమాటే, చేతులతో పట్టుకుంటాం అనుకోవద్దు.

పెట్రోల్ కాక ప్రాణం తీసేవి

వెనక సస్పెన్షన్‌లో టార్షన్ బార్ (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ) మీద కూర్చునే స్ప్రింగ్ ప్లేట్. కారు గాలిలో ఉన్నా, చక్రం విప్పేసినా అది బిగువులోనే ఉంటుంది. కింది ఆపు మీదనుంచి తప్పించగానే కత్తిలా కిందికి కొడుతుంది. గొలుసు కట్టి, కింద జాకీ పెట్టి, మెల్లగా దించండి. చెయ్యీ కాలూ దాని దారిలో ఉండకూడదు.

స్వింగ్ యాక్సిల్ (గేర్‌బాక్స్ దగ్గర మాత్రమే మడిచే వెనక ఇరుసు) ఉన్న కారుకి వెనక భాగం ఎత్తు ఎక్కువ పెంచకండి. గుర్తుపట్టడం తేలిక: ఒక్కో వైపు గేర్‌బాక్స్ దగ్గర మాత్రమే రబ్బరు బూటు ఉంటే స్వింగ్ యాక్సిల్, చక్రం దగ్గర ఇంకోటి కూడా ఉంటే ఐఆర్ఎస్ (రెండో రకం వెనక సస్పెన్షన్). స్వింగ్ యాక్సిల్ కారు ఎత్తు పెంచితే మలుపులో వెనక చక్రం లోపలికి మడుచుకుపోయి కారు తిరగబడొచ్చు. అలా ఎత్తు పెంచిన కారులో రోల్ కేజ్ (తిరగబడితే మనిషిని కాపాడే పైపుల పంజరం) లేకుండా కూర్చోవద్దు.

రోల్ కేజ్‌కి నీళ్ల పైపులు వాడొద్దు. జింకు పూత ఉన్న పైపుని వెల్డింగ్ చేస్తే వచ్చే పొగతో రాత్రికి చలిజ్వరం వస్తుంది. తిరగబడ్డప్పుడు ఆ పైపు వంగిపోతుంది కూడా.

కేజ్ కాళ్లని పలచటి ఫ్లోర్ రేకు మీద నేరుగా బోల్టు చేయొద్దు. పైన, కింద మందపాటి ప్లేట్లు వేయండి.

ఫైబర్‌గ్లాస్ బాడీ మిమ్మల్ని కాపాడదు. సీటు బెల్టు దానికి బిగించొద్దు.

ఫైబర్‌గ్లాస్ రెసిన్ కలిపేటప్పుడు గట్టిపరిచే ద్రవాన్ని, కోబాల్ట్ యాక్సిలరేటర్‌ని ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయొద్దు. పేలుతుంది.

క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ వద్దు. ఆ వేడికి ఫాస్జీన్ పుడుతుంది. అది విషవాయువు.

పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ములోని దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు. తడిపి తుడవండి.

పాన్ కోసే ముందు కింద చదునైన ఇనుప ఫ్రేముకి బిగించండి.

జాకీ మీద కారు, కింద మనిషి: వద్దు.

కోసిన తర్వాత గంటసేపు అక్కడే ఉండండి. పాత సౌండ్‌ప్రూఫ్ అట్ట, కింద పూసిన తారు లోపల్లోపల రాజుకుంటాయి.

ఒంటరిగా చేయొద్దు. మీ పక్కనున్న మనిషికి ఇసుక ఎక్కడుందో, ఎందుకో ముందే చెప్పి ఉంచండి.

ఎవరైనా "ట్యాంక్ ఖాళీ చేశాం" అంటే "పైపు సంగతి?" అని అడగండి. జవాబు వచ్చేదాకా గ్రైండర్ ప్లగ్గు పెట్టనివ్వకండి.

అన్నీ తిరిగి బిగించేటప్పుడు పాత గుడ్డ అల్లిక పెట్రోల్ హోసు ఒక్క ముక్క కూడా తిరిగి వాడొద్దు. పైకి బాగుంటుంది, లోపల పగిలి ఉంటుంది. ఇథనాల్ కలిపిన పెట్రోల్ దాన్ని ఇంకా తొందరగా తినేస్తుంది. ప్రతి కొసకీ క్లాంపు. ఇంజిన్ గదిలోకి పైపు వచ్చే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (రింగు) తప్పనిసరి, లేకపోతే రేకు అంచు పైపుని కోస్తుంది. ఫిల్టర్‌ని డిస్ట్రిబ్యూటర్ పైన వేలాడదీయొద్దు.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఐదు నిమిషాలు నడిపి ఆపండి. కార్బురేటర్‌లోకి వెళ్లే ఇత్తడి గొట్టాన్ని వేళ్లతో పట్టుకుని తిప్పి చూడండి. వదులైతే అది నడుస్తుండగా ఊడి, పంపు తోసే పెట్రోల్ వేడి ఇంజిన్ మీద పడుతుంది. కాస్త కదిలినా ఆ రోజుకి కారు బయటికి తీయొద్దు.