ఆర్‌వీ షవర్‌లో గోరువెచ్చని నీళ్లే వస్తున్నాయా?

అమెరికాలో ఆర్‌వీ (పడక, వంటగది, స్నానాలగది ఉండే పెద్ద బండి) అద్దెకు తీసుకునేవాళ్లకు ఈ చిట్కా పనికొస్తుంది. హీటర్ బాగానే ఉన్నా నీళ్లు సరిగా కాగడం లేదనిపిస్తే, ముందు బండి బయటివైపు చిన్న తలుపు వెనక ఉండే షవర్ చూడండి. చాలామంది కాళ్లు కడుక్కుని షవర్ పిడి మీద ఉన్న మీట మాత్రమే ఆపి, వేడి, చల్లని కుళాయిలు రెండూ తెరిచే వదిలేస్తారు. అక్కడి నుంచి చన్నీళ్లు వేడినీళ్ల గొట్టంలోకి చేరిపోతాయి. ఆ రెండూ పూర్తిగా కట్టేసి, లోపల వేడినీళ్ల కుళాయి రెండు నిమిషాలు వదలండి.

అప్పటికీ మారకపోతే హీటర్ వెనకున్న బైపాస్ వాల్వు (నీళ్లు హీటర్‌లోకి పోకుండా పక్కకు మళ్లించేది) చూడాలి. చలికాలంలో తిప్పి అలాగే మరచిపోతుంటారు. నీళ్లు హీటర్‌లోకి వెళ్లేలా దాన్ని మార్చాక వేడినీళ్ల కుళాయిలో ధార నిలకడగా వచ్చేవరకు కరెంటు హీటర్ వేయకండి. ఖాళీ ట్యాంకులో కాయిల్ ఇట్టే కాలిపోతుంది.