మీ వీధి చెట్లను తొలిచే పరాయి పురుగుల గురించి ఇరుగుపొరుగుకు తెలియజెప్పడం ఎలా?

1996 ఆగస్టులో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, వీధి పక్కన పెరిగిన మేపుల్ చెట్ల కాండాలకు ఎవరో బరమాతో తొలిచినట్టు గుండ్రని రంధ్రాలు కనిపించాయి. అది చైనా, కొరియాలకు చెందిన ఆసియన్ లాంగ్‌హార్న్‌డ్ బీటిల్ అనే పొడవాటి మీసాల పెంకు పురుగు పని అని తర్వాత తేలింది. 2008లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో కూడా దానిని మొదట పసిగట్టింది స్థానిక నివాసే. కానీ అప్పటికే అది ఏళ్ల తరబడి పాతుకుపోయి ఉండటంతో, 30 వేలకు పైగా చెట్లను నరికివేయవలసి వచ్చింది. అమెరికాలో సొంత ఇల్లు, పెరడు ఉన్న తెలుగువారు తమ కాలనీలోనో తెలుగు సంఘంలోనో ఈ విషయం నలుగురికీ చెప్పదలచుకుంటే ఈ కింది క్రమం పనికివస్తుంది.

మొదట, ఏ పురుగు గురించి చెప్పాలో తేల్చుకోండి

ఈ నిర్ణయం సరిగా లేకపోతే మిగతా శ్రమంతా వృథా అవుతుంది, ఎందుకంటే పురుగును బట్టి చెప్పవలసిన మాటే మారిపోతుంది. లాంగ్‌హార్న్‌డ్ బీటిల్ మేపుల్, బిర్చ్, ఎల్మ్, విల్లో వంటి పలు రకాల చెట్లను తొలుస్తుంది, సోకిన చెట్టుకు మందు లేదు. అయినా అది నెమ్మదిగా వ్యాపిస్తుంది కనుక తొందరగా కనిపెడితే పూర్తిగా తుడిచిపెట్టవచ్చు. చికాగో 2008లో, న్యూజెర్సీ 2013లో దాని నుంచి విముక్తమయ్యాయి. కాబట్టి అది ఇంకా ఉన్న ఒహాయోలోని క్లెర్మాంట్ కౌంటీ, న్యూయార్క్‌లోని లాంగ్ ఐలండ్, దక్షిణ కరొలినాలోని చార్ల్స్‌టన్ పరిసరాల వంటి చోట్ల “కనిపిస్తే వెంటనే తెలియజేయండి” అన్నదే ప్రధాన సందేశం.

2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే, యాష్ చెట్లను తొలిచే పచ్చని పెంకు పురుగు సంగతి వేరు. అది కోట్లాది యాష్ చెట్లను చంపి, 2016లో టెక్సస్‌కు, 2022లో ఒరెగాన్‌కు కూడా చేరింది. ఇక ఆపలేమని గ్రహించిన అమెరికా కేంద్ర ప్రభుత్వం 2021 జనవరిలో దాని మీది క్వారంటైన్ నిబంధనలను, అంటే సోకిన ప్రాంతాల నుంచి యాష్ కలప తరలింపు మీది ఆంక్షలను, ఎత్తివేసింది. అది స్థిరపడిన ఊళ్లలో అధికారులకు తెలియజేయడం కన్నా చెట్టు యజమాని నిర్ణయమే ముఖ్యం. చెట్టు పైగుబురు దాదాపు 30 శాతానికి మించి ఎండకముందే కాండంలోకి మందు ఎక్కించాలా, లేక అది కూలి ఎవరి మీదనైనా పడకముందే కొట్టించాలా అన్నది ఇంటివారు ఆలోచించుకోవాలి. ఆ మందు కూడా ఒక్కసారితో సరిపోదు, సుమారు రెండేళ్లకోసారి వేయించాలి.

తరువాత, పురుగు కన్నా ముందు చెట్టును పరిచయం చేయండి

వేపను, చింతను దూరం నుంచే పోల్చుకోగలిగిన మన పెద్దలకు తమ పిల్లల పెరట్లో ఉన్నది మేపులో యాషో తెలియదు. యాష్ ఆకు వేపరెమ్మలా ఉంటుందని, ఒకే ఈనెకు అటూ ఇటూ చిన్న ఆకులు, చివర మరొకటి ఉంటాయని, కొమ్మలు జంటలుగా ఎదురెదురుగా పుడతాయని చెప్పండి. మామిడి తోటలున్న కుటుంబాలవారికైతే కాండం తొలుచు పురుగు ఎలాగూ తెలుసు. లాంగ్‌హార్న్‌డ్ బీటిల్‌దీ అదే కుటుంబమని ఒక్క మాట అంటే చాలు, మిగతాది వారే మీకు వివరిస్తారు.

గుర్తులను చేతికందే వస్తువులతో చూపించండి

మిల్లీమీటర్ల లెక్కలు ఎవరికీ గుర్తుండవు. లాంగ్‌హార్న్‌డ్ బీటిల్ బయటికి వచ్చిన రంధ్రం గుండ్రంగా, పెన్సిల్ దూరేంత ఉంటుంది. ఆ చెట్టు మొదట్లో, కొమ్మల పంగల్లో రంపపు పొట్టు వంటిది పేరుకుంటుంది. పురుగు నిగనిగలాడే నలుపు, దాని మీద తెల్లని చుక్కలు, ఒంటి కన్నా పొడవైన నలుపు తెలుపు పట్టీల మీసాలు. యాష్ బోరర్ రంధ్రం మాత్రం కందిబద్దను పక్కనుంచి చూసినట్టు, ఒకవైపు చదునుగా, మరోవైపు వంపుగా, చాలా చిన్నదిగా ఉంటుంది. దాని కోసం వెతకడం కన్నా వడ్రంగి పిట్టలు బెరడు చెక్కేసి కాండాన్ని లేత రంగుకు తెచ్చిన యాష్ చెట్టును గమనించడం తేలిక.

భోగికి ముందు కట్టెల సంగతి మాట్లాడండి

ఇది నా దృష్టిలో మనవాళ్లకు తప్పక చెప్పవలసిన మాట. జనవరిలో ఈ పురుగుల పిల్లదశలు బెరడు కిందా చెక్క లోపలా దాగి ఉంటాయి. భోగిమంట కోసం వేరే కౌంటీలోని మిత్రుడి పెరట్లో కొట్టిన కట్టెలను కారులో వేసుకొస్తే, కాలిపోయిన వాటితో ఇబ్బంది లేదు. మిగిలినవి షెడ్డులో ఉండిపోయి, వేసవి మొదలయ్యేసరికి వాటిలోంచి రెక్కల పురుగులు బయటికి వస్తాయి. మంట ఎక్కడ వేస్తారో కట్టెలు అక్కడే కొనాలని ఆహ్వానపత్రంలోనే ఒక వాక్యం చేర్చండి. వేసవి క్యాంపింగ్‌కూ ఇదే వర్తిస్తుంది.

ఆగస్టులో ఒక ఆదివారం అందరినీ నడిపించండి

లాంగ్‌హార్న్‌డ్ బీటిల్ ఎక్కువగా కంటబడే కాలం కనుక అమెరికా వ్యవసాయ శాఖ ఆగస్టును చెట్ల తనిఖీ మాసంగా పాటిస్తోంది. పిల్లలతో కలిసి వీధి చివరి వరకు నడిచి, ఒక్కో ఇంటివారికి ఒక్కో చెట్టు అప్పగించండి. ఈత కొలను ఉన్నవారు దాని ఫిల్టర్‌లో చిక్కిన పురుగులను కూడా చూడాలి.

ఏదైనా దొరికితే నాణెం పక్కన పెట్టి ఫొటో తీయించి, వీలైతే పురుగును సీసాలో వేసి ఫ్రీజర్‌లో ఉంచమనండి. చెట్టు ఉన్న చోటు రాసుకుని రాష్ట్ర వ్యవసాయ శాఖకు గానీ మొక్కల విషయంలో ప్రజలకు సలహాలిచ్చే యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ కార్యాలయానికి గానీ పంపాలి. అనుమానం తేలేవరకు ఆ చెట్టు కొమ్మలను నరికి వేరే చోటికి తరలించకూడదు. వచ్చే ఫొటోల్లో చాలావాటిలో ఉండేది పైన్ చెట్ల మీద బతికే స్థానిక సాయర్ బీటిలే కావచ్చు, దాని రెక్కల మొదట్లో ఉండే ఒక తెల్లచుక్కే తేడా. అటువంటి ఫొటో పంపినవారికి కూడా కృతజ్ఞత తెలుపుతూ తప్పక జవాబు రాయండి, లేకపోతే రెండోసారి వారు పంపరు.