గ్యాస్ కిట్ కారు ఘాట్ రోడ్డులో మొరాయిస్తే: ఎక్కడ వెతకాలి, ఏం చేయాలి

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ వైపు ఉండే మనవాళ్లు కారుకు పెద్ద పని పడితే కొండ దిగి ఆంధ్రలోని విజయనగరానికో విశాఖకో వెళ్తారు. ఎల్‌పీజీ కిట్ కూడా అక్కడే వేయిస్తారు. కింద చదును రోడ్డు మీద బండి బాగానే నడుస్తుంది. సాలూరు, కోరాపుట్ మధ్య సుంకి ఘాట్ ఎక్కాకో, చలికాలం పొద్దున్నే కొండ మీద సిమిలిగుడలో స్టార్ట్ చేశాకో ఇబ్బంది బయటపడుతుంది. అప్పుడు అందరూ గ్యాస్‌నే తిడతారు. చాలాసార్లు తప్పు గ్యాస్‌ది కాదు. ప్లగ్గులు, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం), ఎయిర్ ఫిల్టర్ లాంటి వాటిలో ఎప్పటినుంచో ఉన్న లోపాలను పెట్రోలు కొంతవరకు సర్దుకుపోతుంది, గ్యాస్ సర్దుకుపోదు.

అందుకే ఏ ఇబ్బంది వచ్చినా ముందు స్విచ్ నొక్కి పెట్రోలు మీదకు మార్చండి. అదే రోడ్డు, అదే గేరు, అదే వేగంలో నడిపి చూడండి. రెండింటి మీదా ఒకేలా ఉంటే లోపం ఇంజిన్‌లో ఉంది, కిట్ జోలికి వెళ్లొద్దు. గ్యాస్ మీద మాత్రమే వస్తే కింద రాసినవి చూడండి.

గ్యాస్ మీదకు మారడం లేదు, మారినా ఆగిపోతోంది

చలి రోజుల్లో ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. ట్యాంకులో గ్యాస్ ద్రవంగా ఉంటుంది. దాన్ని ఆవిరిగా మార్చేది రిడ్యూసర్. అందుకు కావలసిన వేడి ఇంజిన్ కూలెంట్ నుంచే వస్తుంది. సీక్వెన్షియల్ కిట్ (ఒక్కో సిలిండర్‌కు విడి ఇంజెక్టర్‌తో గ్యాస్ ఇచ్చేది) అయితే రిడ్యూసర్ సుమారు 30 నుంచి 40 డిగ్రీలకు చేరేదాకా బండిని పెట్రోలు మీదే నడుపుతుంది. పొద్దున చలిలో దానికి కొన్ని నిమిషాలు పడితే అది లోపం కాదు.

ఇంజిన్ వేడెక్కిన తర్వాత కూడా రిడ్యూసర్ మీద మంచు పేరుకుంటే, చేత్తో తాకితే చల్లగా ఉంటే, దానికి కూలెంట్ అందడం లేదు. కిట్ వేసేటప్పుడు హీటర్ పైపులు కోసి టీ జాయింట్లు పెడతారు. అప్పుడు లోపలికి వెళ్లిన గాలి సరిగా బయటికి రాకపోతే బుడగగా నిలిచి కూలెంట్ దారిని ఆపేస్తుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కూలెంట్ నింపి, రేడియేటర్ మూత తీసి ఉంచి ఇంజిన్‌ను ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, నడిపితే గాలి బయటికి వస్తుంది. వేడి ఇంజిన్ మీద ఆ మూత ఎప్పుడూ తీయకండి. ఎన్నిసార్లు గాలి తీసినా సమస్య మళ్లీ వస్తోందంటే, రిడ్యూసర్‌ను రేడియేటర్ మూత కంటే పైన బిగించారేమో చూడండి. దాన్ని కిందికి మార్చడమే పరిష్కారం.

ఇంకో కారణం మన మెకానిక్‌ల అలవాటు. బండి వేడెక్కకూడదని కొందరు థర్మోస్టాట్ వాల్వ్‌ను (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వనిది) పూర్తిగా పీకేస్తారు. దిగువన ఎండల్లో ఆ తేడా తెలియదు. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో, జనవరి పొద్దున, ఆ ఇంజిన్ సరిగా వేడెక్కదు. రిడ్యూసర్‌కూ వేడి చాలదు. కంపెనీ చెప్పిన రేటింగ్ ఉన్న థర్మోస్టాట్ తిరిగి వేయించండి. గ్యాస్‌కే కాదు, ఇంజిన్ ఆయుష్షుకూ అది అవసరం.

యాక్సిలరేటర్ తొక్కితే ఢాం అని పేలుతోంది

ఇది బ్యాక్‌ఫైర్. పాత మిక్సర్ కిట్లలో ఎక్కువ. వాటిలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి వెళ్లే గొట్టాలు) అంతా గ్యాస్, గాలి కలిసిన మిశ్రమంతో నిండి ఉంటుంది. స్పార్క్ బలహీనమై ఒక సిలిండర్ మిస్ కొడితే మంట వెనక్కి పాకి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పగిలేంత పేలుడు వస్తుంది. వెంటనే పెట్రోలు మీదకు మార్చి నడపండి. భరిస్తూ నడిపితే ఇన్‌టేక్ దగ్గరున్న సెన్సర్లు పోతాయి.

గ్యాస్‌ను మండించడానికి స్పార్క్‌కు పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే కిట్ వేయించిన రోజే ప్లగ్గులు కొత్తవి వేయించాలి. గ్యాప్‌ను కంపెనీ చెప్పినదానికంటే 0.1 మిల్లీమీటరు తగ్గిస్తే మంచిది. పాత బండ్లకు ప్లగ్గులకు కరెంటు తెచ్చే హైటెన్షన్ వైర్లు అనుమానించదగ్గవి. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ నడిపితే, ఇన్సులేషన్ పోయిన చోట నీలి మెరుపులు కనిపిస్తాయి. చేత్తో మాత్రం ముట్టుకోకండి. వైర్లు బాగుంటే కాయిల్, తర్వాత ఇన్‌టేక్ గొట్టాల్లో గాలి లీకులు, ఆ తర్వాతే గ్యాస్ మిశ్రమం సెట్టింగ్. ఈ వరుస తప్పి ముందే మిక్సర్ స్క్రూ తిప్పితే రెండు సమస్యలు అవుతాయి.

ఘాట్ ఎక్కడం లేదు

ఇందులో కొంత సహజం. గ్యాస్ ఆవిరి సిలిండర్‌లో కొంత గాలి చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పికప్ కాస్త తగ్గుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పల్చబడుతుంది కాబట్టి ఏ ఇంధనంతోనైనా బలం తగ్గుతుంది. నలుగురు మనుషులు, డిక్కీలో సామాను ఉంటే సుంకి మలుపుల్లో పెట్రోలు మీద మూడో గేరులో ఎక్కిన చోట గ్యాస్ మీద రెండో గేరు అడిగితే కంగారు పడకండి.

కానీ ఐడిల్ బాగుండి, ఎక్కువ తొక్కినప్పుడు మాత్రం ఇంజిన్ ఆకలితో ఉన్నట్టు ఆగిపోతుంటే రెండు కారణాలు చూడండి. గ్యాస్ ఫిల్టర్లు మూసుకుపోవడం మొదటిది. వాటిని కిట్ మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు మార్చాలి. రెండోది చాలామందికి తట్టదు. గ్యాస్ ట్యాంకు మీద ఉండే మల్టీవాల్వ్‌లో (నింపడం, తీయడం, రక్షణ వాల్వ్‌లన్నీ కలిసిన భాగం) ఎక్సెస్ ఫ్లో వాల్వ్ అని ఒకటి ఉంటుంది. పైపు తెగి గ్యాస్ ఒక్కసారిగా ఉరికితే దాన్ని ఆపడం దాని పని. చేతి ట్యాప్‌ను ఒక్కసారిగా తిప్పినా అది మూసుకుపోతుంది. అప్పుడు సన్నటి ధార మాత్రమే వస్తుంది. ఇంజిన్ ఆపి, ట్యాప్ మూసి, కాసేపు ఆగి, మెల్లగా పూర్తిగా తెరవండి. ఖర్చు లేకుండా తీరిపోతుంది.

చెక్ ఇంజిన్ లైట్

గ్యాస్ మీద నడుస్తుండగా పి0171 కోడ్ వస్తే ఇంజిన్‌కు ఇంధనం చాలడం లేదని అర్థం, పి0172 వస్తే ఎక్కువవుతోందని. స్కానర్‌తో కోడ్ చెరిపేయడం మరమ్మతు కాదు. పెట్రోలు మీద ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ కంప్యూటర్ ఇంధనంలో చేసుకునే సర్దుబాటు) సరిగా ఉండి, గ్యాస్ మీద పక్కకు జరుగుతుంటే ల్యాప్‌టాప్‌తో కిట్ మ్యాప్, అంటే ఎప్పుడు ఎంత గ్యాస్ ఇవ్వాలనే పట్టిక, తిరిగి సెట్ చేయించాలి. కిట్ వేసినవాళ్లతో పాటు బండిలో కూర్చుని, చదును మీదా ఎత్తు మీదా నడిపిస్తూ సెట్ చేయించండి. షెడ్డులో నిలబెట్టి చేసిన సెట్టింగ్ ఘాట్‌కు చాలదు.

పొద్దున స్టార్ట్ కావడం కష్టం, బండి తెరవగానే గ్యాస్ వాసన

గ్యాస్‌ను కరెంటుతో తెరిచి మూసే సోలెనాయిడ్ వాల్వ్‌లో గానీ ఇంజెక్టర్‌లో గానీ చెత్త పట్టి సరిగా మూయకపోతే, రాత్రంతా గ్యాస్ ఇన్‌టేక్‌లోకి కారుతుంది. రాత్రి పార్క్ చేశాక ట్యాంకు ట్యాప్ మూసి చూడండి. పొద్దున బాగా స్టార్ట్ అయితే లీకు అదేనని తేలినట్టు. శుభ్రం చేయించండి, కాకపోతే మార్పించండి.

వాసన క్యాబిన్‌లోనో డిక్కీలోనో గట్టిగా వస్తే మాత్రం పరీక్షలు వద్దు. తాళం తిప్పకండి, లైటు వేయకండి. తలుపులన్నీ తెరిచి, ట్యాప్ మూసి, బండిని ఆరుబయటికి తోయండి. ఎల్‌పీజీ గాలి కంటే బరువైనది, పల్లంలో నిలుస్తుంది. సర్వీసు గుంత, సెల్లార్ పార్కింగ్ ఆ సమయంలో ప్రమాదం. లీకు ఎక్కడుందో సబ్బు నీళ్లతోనే వెతకాలి.

రెండింటి మీదా ఐడిల్ వణుకుతోంది

గ్యాస్ మీద చాలాకాలం తిరిగిన బండి వేడెక్కాక ఇలా చేస్తే ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వ్‌కూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన గ్యాప్) చూపించండి. గ్యాస్ పొడిగా మండుతుంది, వాల్వ్ సీట్లు కొన్ని ఇంజిన్లలో తొందరగా అరిగి వాల్వ్ పైకి జరుగుతుంది, గ్యాప్ తగ్గిపోతుంది. అలాగే వదిలేస్తే వాల్వ్ కాలిపోతుంది. శబ్దం లేదు కదా అనుకోవద్దు. గ్యాప్ పెరిగితే టకటకమంటుంది, తగ్గితే నిశ్శబ్దంగా పాడవుతుంది.

పెట్రోలు మీద మాత్రమే వణుకుతుంటే, పెట్రోలు వాడక ఇంజెక్టర్లు జిగురు పట్టి ఉంటాయి. పెట్రోలు ట్యాంకులో మునిగి ఉండే పంపుకు చల్లదనం పెట్రోలే. అందుకే పావు ట్యాంకు ఎప్పుడూ ఉంచండి, అప్పుడప్పుడు పెట్రోలు మీద నడపండి.

మైలేజీ పడిపోయింది

లీటరు గ్యాస్‌లో శక్తి లీటరు పెట్రోలు కంటే తక్కువ. 20 నుంచి 25 శాతం ఎక్కువ లీటర్లు పోవడం మామూలే. పెట్రోలు మీద లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే బండి గ్యాస్ మీద సుమారు 13 ఇస్తే సరిగా ఉన్నట్టే. అంతకంటే బాగా తగ్గితే పైన చెప్పిన ప్లగ్గులు, ఫిల్టర్లు, థర్మోస్టాట్ మొదటినుంచి చూసుకు రావాలి.

ట్యాంకు నిండా పట్టడం లేదు

అది లోపం కాదు. వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి 80 శాతం దగ్గర మల్టీవాల్వ్ నింపడం ఆపేస్తుంది. 60 లీటర్ల ట్యాంకుకు 48 లీటర్లే పడతాయి. అంతకంటే ఎక్కువ పట్టిందంటేనే భయపడాలి, మట్టం చూసి నింపడం ఆపే ఫ్లోట్ ఇరుక్కుపోయి ఉంటుంది. కొంత వాడి తగ్గించి, వాల్వ్ చూపించాకే మళ్లీ నింపించండి. ఇంట్లో వంట సిలిండర్‌ను డిక్కీలో పెట్టి నడపడం నేరం. దానికి ఈ మల్టీవాల్వ్, ఈ రక్షణలు ఏవీ ఉండవు. ఎవరు సలహా ఇచ్చినా వినొద్దు.

చెక్‌పోస్టు దగ్గర ఆపారు

కిట్ ఆర్సీలో నమోదు కాకపోతే ఆంధ్రలోనైనా ఒడిశాలోనైనా ఇబ్బందే. నమోదు చేయాల్సింది బండి ఎక్కడ రిజిస్టరై ఉందో ఆ ఆర్టీఓ. కోరాపుట్ ఓడీ-10, రాయగడ ఓడీ-18 బండ్లు ఇక్కడే, ఏపీ బండ్లు అక్కడే. కిట్‌కు టైప్ అప్రూవల్ (ఆ రకం కిట్‌కు ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చే ఆమోదం) ఉండాలి, అది మీ కారు మోడల్‌కు వర్తించాలి. బీఎస్-6 పెట్రోలు కార్లకు కిట్ అమర్చడాన్ని 2022లో కేంద్రం అనుమతించింది. ఫిట్‌మెంట్ సర్టిఫికెట్, ట్యాంకు కాగితాలు బండిలోనే ఉంచండి, బీమా పాలసీలో కిట్‌ను రాయించండి. ట్యాంకు మీద చెక్కిన తేదీ చూసుకుని 5 ఏళ్లకోసారి పరీక్ష చేయించాలి.