ఇయర్‌బడ్స్‌కి చిన్న సోలార్ ప్యానెల్

ఇయర్‌బడ్స్ కేస్‌కి పెద్దగా కరెంటు అక్కర్లేదు. యూఎస్‌బీ పోర్టున్న 5 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండలో హాయిగా సరిపోతుంది. ప్యానెల్ వైర్లను నేరుగా లోపలి బ్యాటరీకి మాత్రం కలపకండి. ఎండను బట్టి వోల్టేజీ మారుతుంది, లోపలున్న లిథియం బ్యాటరీకి అది ప్రమాదం. వోల్టేజీని 5 వోల్టుల దగ్గరే నిలకడగా ఉంచే రెగ్యులేటర్ ఉన్న ప్యానెల్ కొని, కేస్ ఛార్జింగ్ పోర్టుకే పెట్టండి.

మన విశాఖ ఎండలో అసలు జాగ్రత్త వేడి గురించే. 45 డిగ్రీలు దాటిన బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. అందుకే పొడుగు కేబుల్ తీసుకుని, ప్యానెల్‌ను డాబా పిట్టగోడ మీద, కేస్‌ను నీడలో ఉంచండి. బీచ్ రోడ్డు దగ్గర్లో ఉండేవాళ్లు ప్యానెల్ మీద పేరుకునే ఉప్పు పొరను తడిగుడ్డతో తుడుస్తూ ఉండండి. ఉప్పుగాలికి పిన్నులు తుప్పు పడతాయి కాబట్టి పని అయ్యాక ప్యానెల్‌ను ఇంట్లోకి తెచ్చేయండి.